కిడ్నీ క్యాన్సర్‌ను తొలిదశలో పట్టే బయోమార్కర్లు: కడప జిల్లాలో ఉండి పీహెచ్‌డీ చేయొచ్చా?

విభాగం: ఉన్నత చదువులు – సైన్స్ పరిశోధన

పెన్నా_ఒడ్డు (ప్రొద్దుటూరు) · ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసినాను. ఇప్పుడు ఇక్కడే ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో పని. ఈమధ్యే సీఎస్‌ఐఆర్ నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్) వచ్చింది.

మా ల్యాబ్ రేట్ కార్డులో ట్యూమర్ మార్కర్లని, అంటే రక్తంలోనో మూత్రంలోనో క్యాన్సర్ జాడ చూపే బయోమార్కర్లని, ఒక పేజీ ఉంది. ప్రోస్టేటుకు పీఎస్‌ఏ, కాలేయానికి ఏఎఫ్‌పీ, అండాశయానికి సీఏ-125, పేగుకు సీఈఏ. కిడ్నీకి మాత్రం ఏమీ లేదు. ఎందుకు లేదని వెతుకుతూ పోతే, అదే పీహెచ్‌డీ చేస్తే ఎట్లుంటుందనే దాకా వచ్చినాను. యూరప్‌లో, బ్రిటన్‌లో సరిగ్గా ఇదే అంశం మీద పీహెచ్‌డీ ప్రకటనలు కనిపిస్తున్నాయి. ఇంట్లో మాత్రం "యోగి వేమనలోనో అనంతపురం ఎస్కేయూలోనో చేరు, దూరమెందుకు" అంటున్నారు.

నా సందేహాలు: ఇక్కడి యూనివర్సిటీలో చేరి, కర్నూలు పెద్దాసుపత్రి లాంటి చోట శాంపిళ్ళు తెచ్చుకుని ఈ పని చేయొచ్చా? గైడ్‌ను ఏం చూసి ఎంచుకోవాలి? హైదరాబాదుకో విదేశానికో పోతే తప్ప లాభం లేదా?

ఉగ్గాణి_బజ్జీ (అనంతపురం) · ఆదివారం రాత్రి 10:05

జేఆర్‌ఎఫ్ చేతిలో పెట్టుకుని ప్రొద్దుటూరులో కూర్చుని ఆలోచన చేస్తాండావా తల్లీ! బిరీన హైదరాబాద్ బస్సెక్కు. సీసీఎంబీ ఉంది, సీడీఎఫ్‌డీ ఉంది, సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. ఈడ శాంపిళ్ళు దాచే మైనస్ 80 ఫ్రీజర్ ఉన్న డిపార్ట్‌మెంట్లు ఎన్నో, అవి నడుస్తాండేవి ఎన్నో కనుక్కో ముందు. నేను ఈడే చేసినా కాబట్టే చెప్తాండా.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు) · సోమవారం ఉదయం 6:50

నేను యూరాలజిస్టును. మీ రేట్ కార్డు గమనిక బాగుంది. కిడ్నీ క్యాన్సర్‌ను ముందే పట్టడానికి రోజువారీ వైద్యంలో వాడే రక్త పరీక్ష గానీ మూత్ర పరీక్ష గానీ ప్రపంచంలో ఎక్కడా లేదు. మాకు దొరికేది స్కాన్‌లోనే. గ్యాస్ అనో, గాల్‌బ్లాడర్ రాయి అనో పొట్ట స్కానింగుకు వస్తారు, కిడ్నీలో గడ్డ కనిపిస్తుంది. మూత్రంలో రక్తం, నడుము పక్కన నొప్పి, చేతికి తగిలే గడ్డ, ఈ మూడూ కలిసి రావడం పుస్తకాల్లో చదివిందే ఎక్కువ. ఇప్పుడు పదిమందిలో ఒకరికి కూడా అలా కనిపించదు. కనిపించిందంటే జబ్బు ముదిరినట్టే.

ముందే పడితే తేడా చాలా పెద్దది. గడ్డ కిడ్నీ దాటకముందు తీసేస్తే ఐదేళ్ళు బతికేవాళ్ళు 90 శాతం పైనే. ఊపిరితిత్తులకో ఎముకలకో పాకాక అది 20 శాతం లోపు పడిపోతుంది. అందుకే ఈ అంశానికి అంత గిరాకీ.

అయితే ఒక మాట. "తొలిదశలో పట్టడం" అనే పేరు కింద రెండు వేర్వేరు ప్రశ్నలు దాక్కుని ఉన్నాయి. ఏ లక్షణమూ లేని లక్షమందిలో జబ్బున్నవాళ్ళను ఏరడం ఒకటి. స్కాన్‌లో ఇప్పటికే చిన్న గడ్డ కనిపించిన మనిషికి అది క్యాన్సరా, ఉత్త గడ్డా అని తేల్చడం రెండోది. 4 సెంటీమీటర్లలోపు గడ్డల్లో దాదాపు అయిదింటిలో ఒకటి హానిలేనిదే. ఆంకోసైటోమా అనో, యాంజియోమయోలైపోమా అనో రిపోర్టు వస్తుంది. దానికోసం కిడ్నీ కోసేశాక ఆ రిపోర్టు చూస్తే నాకే మనసు చివుక్కుమంటుంది. మీ పీహెచ్‌డీ ఈ రెండింటిలో దేని మీద అన్నది ముందు తేల్చుకోండి. మొదటిది ఒక విద్యార్థి చేతిలో అయ్యేది కాదు.

లెక్కల_మాస్టారు (అనంతపురం) · సోమవారం ఉదయం 8:15

డాక్టర్ గారు చివర్లో అన్నదాన్ని అంకెల్లో పెడతాను. జీవగణాంకం నా సబ్జెక్టు, వైద్యం కాదు.

ఊహకు ఒక లెక్క. లక్షమందిలో నిజంగా కిడ్నీ క్యాన్సర్ ఉన్నవాళ్ళు 20 మంది అనుకుందాం. మీరు కనిపెట్టిన పరీక్ష చాలా మంచిది. జబ్బున్న వందమందిలో 90 మందిని పడుతుంది, లేనివాళ్ళలో 95 శాతానికి సరిగ్గా "లేదు" అంటుంది. అప్పుడు 20 మందిలో 18 మందిని పట్టింది. మిగతా 99,980 మందిలో 5 శాతం, అంటే 4,999 మందికి ఊరికే "ఉంది" అని చెప్పింది. పాజిటివ్ కాగితం పట్టుకుని ఏడుస్తూ మీ దగ్గరికొచ్చే దాదాపు 280 మందిలో నిజమైన రోగి ఒక్కరు. వాళ్ళందరికీ సీటీ తీయాలి.

95ను 99 చేసినా యాభై ఆరు, యాభై ఏడు మందికి ఒక్కరే. జబ్బు అరుదైనదైతే పరీక్ష ఎంత మంచిదైనా ఈ గుంటలో పడుతుంది. మన దేశంలో ఈ క్యాన్సర్ పశ్చిమ దేశాలకంటే చాలా తక్కువ. కాబట్టి ఆ దేశాల్లో పనికొచ్చే పరీక్ష ఇక్కడ ఇంకా బలహీనపడుతుంది. పేపర్లలో "ఏయూసీ 0.95" (1 అయితే పరీక్ష ఎక్కడా తప్పనట్టు) అని చూసి మురిసిపోయేవాళ్ళు ఈ లెక్క ఒక్కసారి వేసుకుంటే చాలు.

రెండో ప్రశ్నలో చిక్కు తిరగబడుతుంది. గడ్డ కనిపించిన వెయ్యిమందిలో 800 మందికి క్యాన్సరే. అక్కడ కావలసిందల్లా మిగిలిన 200 మందిని కత్తి నుంచి తప్పించే పరీక్ష. అక్కడైతే చిన్న పరీక్షకు కూడా విలువుంది.

పెన్నా_ఒడ్డు · సోమవారం మధ్యాహ్నం 1:20

సార్, ఈ లెక్క మా ల్యాబ్‌లో ఎవరికీ తెలియదు, నాతో సహా. మేము ప్యాకేజీలో ట్యూమర్ మార్కర్లు కలిపి అమ్ముతాం. ఇంక అది చూడబుద్ధి కాదు.

మరి కిమ్-1 అనే ప్రొటీన్ మీద చాలా పేపర్లు చూసినాను. రోగం బయటపడడానికి అయిదేళ్ళ ముందే రక్తంలో పెరిగి ఉంటుందని రాసినారు. అది నిజమే కదా?

హబ్సిగూడ_హాస్టల్ (సొంతూరు ఆదోని) · సోమవారం రాత్రి 11:30

నిజమే చెల్లీ. నేను హైదరాబాద్‌లో క్యాన్సర్ బయాలజీలో పీహెచ్‌డీ నాలుగో ఏడు. కిడ్నీ కాదు గానీ పక్క ల్యాబ్ వాళ్ళది అదే పని, జర్నల్ క్లబ్‌లో విని విని తలకెక్కింది.

ఎపిక్ అని యూరప్‌లో పెద్ద కోహార్ట్ (ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చే జనసమూహం) ఉంది. పది దేశాలు, 5 లక్షల పైచిలుకు మనుషులు. 1990లలోనే వాళ్ళ రక్తం తీసి గడ్డకట్టించి పెట్టుకున్నారు. తర్వాత వాళ్ళలో ఎవరికి కిడ్నీ క్యాన్సర్ వచ్చిందో చూసి, 190 మంది రోగుల పాత రక్తాన్ని, 190 మంది జబ్బులేనివాళ్ళ రక్తంతో పోల్చి కిమ్-1 కొలిచారు. 2018లో వచ్చింది ఆ పేపర్. రోగం తేలకముందే తేడా కనిపించింది. నాకు ఈ రంగంలో బాగా నచ్చిన పని అది. "ముందే" అనే మాటకు అసలైన సాక్ష్యం అట్లాంటి రక్తమే. మనం ఆసుపత్రిలో తీసుకునే శాంపిల్ ఎవరిది? గడ్డ ఇప్పటికే దొరికిన మనిషిది. దాన్ని "ఎర్లీ డిటెక్షన్" అని థీసిస్ అట్ట మీద రాస్తే వైవాలో పట్టుకుంటారు.

ఇంక కిమ్-1 అంటే ఏమిటి? పేరులోనే ఉంది, కిడ్నీ ఇంజురీ మాలిక్యూల్. కిడ్నీలోని మూత్రనాళికల కణాలు దెబ్బతింటే పైకి తేలే ప్రొటీన్. షుగర్ ఉన్నా, కిడ్నీ మెల్లగా పాడవుతున్నా, ఏదైనా మందు పడకపోయినా పెరుగుతుంది. మన సీమలో యాభై దాటినవాళ్ళలో బీపీ, షుగర్ లేనివాళ్ళు ఎంతమంది?

మిగతావి గబగబా చెప్తా. మూత్రంలో ఆక్వాపొరిన్-1, పెరిలిపిన్-2 అనే రెండు ప్రొటీన్లు: అమెరికాలో 2015లో ఒక పేపర్, మామూలు సీటీకి వచ్చిన 720 మంది మూత్రం కూడా పరీక్షించారు, ఫలితం కళ్ళు చెదిరేలా వచ్చింది, అయినా పదేళ్ళయినా ఆసుపత్రికి చేరలేదు. రక్తంలో తేలే డీఎన్‌ఏ మీద మిథైలేషన్ అనే రసాయన గుర్తులు: 2020లో మంచి ఫలితాలు, సీక్వెన్సింగ్ ఖర్చు మన గ్రాంట్లకు అందదు. మైక్రో ఆర్‌ఎన్‌ఏలు: ఒక్కో ల్యాబ్‌కు ఒక్కో జాబితా, ఒకరిది ఇంకొకరికి రాదు.

ఒక హెచ్చరిక. టీసీజీఏ (క్యాన్సర్ గడ్డల జన్యు సమాచారం అందరికీ దొరికే అమెరికా డేటాబేస్) డేటా దించుకుని, కిడ్నీ కణజాలంలో పెరిగిన పది జన్యువులు ఏరి, ఒక హీట్‌మ్యాప్, ఒక సర్వైవల్ గీత గీసి "నూతన బయోమార్కర్" అనే పేపర్లు వేలల్లో ఉన్నాయి. అది మూడు వారాల పని. నేర్చుకోవడానికి చేయి. ఏ గైడైనా అదే నీ థీసిస్ అంటే మర్యాదగా దండం పెట్టి వచ్చేయ్.

ఉగ్గాణి_బజ్జీ · మంగళవారం ఉదయం 7:10

అంటే ఏమప్పా, పెద్దది చేయలేం, చిన్నది చేయొద్దు. ఇంక పాప ఏం చేయల్ల?

కొండారెడ్డి_బురుజు · మంగళవారం రాత్రి 9:15

మంచి ప్రశ్న. నా ఆలోచన చెబుతాను.

పేపర్లలో కంట్రోల్ (రోగితో పోల్చడానికి తీసుకునే మనిషి) అంటే సాధారణంగా ఆరోగ్యంగా ఉన్న వాలంటీరు. మా ఓపీలో అలాంటి మనిషి ఉండడు. కిడ్నీలో రాళ్ళు, షుగర్‌తో పాడైన కిడ్నీ, డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు, ప్రోస్టేట్ పెరిగి మూత్రం ఆగినవాళ్ళు, నొప్పి మాత్రలు ఏళ్ళ తరబడి మింగినవాళ్ళు. విదేశాల్లో తళతళలాడిన మార్కరు వీళ్ళలో ఎలా ప్రవర్తిస్తుంది? ఎవరిలో ఊరికే పెరుగుతుంది? రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ ఎంత పాడైందో చెప్పే కొలత) ఎంత దాటితే ఆ పరీక్షను నమ్మకూడదు? దీన్ని మన రోగుల్లో జాగ్రత్తగా కొలిస్తే అది పీహెచ్‌డీ. దానికి యూరప్ కోహార్ట్ అక్కర్లేదు. కర్నూలు, కడప, అనంతపురం బోధనాసుపత్రుల ఓపీ చాలు. డయాలసిస్ రోగులు మరీ ముఖ్యం, ఎందుకంటే ఏళ్ళ తరబడి డయాలసిస్ మీద ఉన్న కిడ్నీల్లో నీటితిత్తులు ఏర్పడి, క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. పరీక్ష అవసరమూ వాళ్ళకే ఎక్కువ, పరీక్ష తప్పుదారి పట్టేదీ వాళ్ళలోనే ఎక్కువ.

రెండోది, ఆపరేషన్‌కు ముందు, తర్వాత అదే మనిషి శాంపిల్. గడ్డ తీసేశాక మార్కరు పడిపోవాలి. పడకపోతే అది గడ్డ నుంచి వచ్చింది కాదు. ఆ మనిషే తనకు తాను కంట్రోల్ కాబట్టి తక్కువమందితో కూడా ఏదో ఒకటి తెలుస్తుంది. ఒక జిల్లా కేంద్రంలో కిడ్నీ గడ్డల ఆపరేషన్లు పెద్ద సంఖ్యలో జరగవు. ఆ సంగతి తెలిసే ప్రశ్న వేసుకోవాలి. రెండు మూడు ఆసుపత్రులు కలిస్తే నయం. తిరుపతి స్విమ్స్ కడప నుంచి దూరం కాదు.

ఉగ్గాణి_బజ్జీ · మంగళవారం రాత్రి 9:40

సార్, మీరు చెప్పేది సరే. కానీ "ఈ మార్కరు మన దగ్గర పనిచేయదు" అని తేలితే ఆ థీసిస్ చూసి పోస్ట్‌డాక్ ఎవరిస్తారు? నెగటివ్ రిజల్ట్ అంటే ఎడిటర్లు ముఖం తిప్పుకుంటారు. పాప బతుకు కూడా చూడల్ల గదా.

లెక్కల_మాస్టారు · మంగళవారం రాత్రి 10:20

అది పాక్షికంగా నిజం. అందుకే "పనిచేస్తుందా లేదా" అని అడక్కూడదు. "ఏ క్రియాటినిన్ వరకు, ఎవరిలో, ఏ కటాఫ్‌తో" అని అడగాలి. దానికి వచ్చే జవాబు ఎప్పుడూ ఒక అంకె, నెగటివ్ కాదు. శాంపిళ్ళు తీయకముందే ఎంతమంది కావాలో లెక్క వేయించి, ప్రోటోకాల్ రాసి పెట్టుకోండి. శాంపిళ్ళన్నీ అయ్యాక గణాంకాలవాడి దగ్గరికొచ్చి "సార్, ఏదైనా పీ వాల్యూ వచ్చేటట్టు చూడండి" అనేవాళ్ళు నెలకొకరు తగులుతారు నాకు. వాళ్ళకు టీ ఇప్పించి పంపేస్తాను.

శేషాచలం_చెట్లు (కడప) · బుధవారం ఉదయం 6:30

డిగ్రీ కాలేజీలో బాటనీ చెబుతాను. చర్చ చదువుతుంటే ఒకటి గుర్తొచ్చింది. 2024లో నేచర్‌లో 11 దేశాల 962 మంది కిడ్నీ క్యాన్సర్ రోగుల జన్యుపటాలు వచ్చాయి. రొమేనియా, సెర్బియా ప్రాంతాల రోగుల డీఎన్‌ఏలో అరిస్టోలోకిక్ ఆమ్లం వదిలిన ముద్రలు దొరికాయి. ఆ పదార్థం ఎక్కడిది? అరిస్టోలోకియా జాతి మొక్కలది. మన ఈశ్వరి, గాడిదగడపాకు రెండూ ఆ జాతే. శేషాచలం, నల్లమల చుట్టుపక్కల పాముకాటుకు, జ్వరాలకు ఈశ్వరి వేరు వాడకం పాతకాలం నుంచి ఉంది. ఆ 11 దేశాల్లో మన దేశం లేదు. ఇది పీహెచ్‌డీ కాదా?

కొండారెడ్డి_బురుజు · బుధవారం మధ్యాహ్నం 2:45

@శేషాచలం_చెట్లు, సార్, చాలా ఆసక్తికరం. రెండు జాగ్రత్తలు. ఆ ఆమ్లంతో బలంగా ముడిపడింది కిడ్నీ గిన్నె, మూత్రవాహికల లోపలి పొరలో వచ్చే క్యాన్సర్, మనం ఇప్పటిదాకా మాట్లాడిన రీనల్ సెల్ రకం కంటే వేరు. బాల్కన్ పల్లెల్లో గోధుమ చేలల్లో ఆ కలుపుమొక్క గింజలు పిండిలో కలిసి దశాబ్దాలపాటు కిడ్నీలు పాడయ్యాయి. బెల్జియంలో సన్నబడే మందులో పొరపాటున ఆ మూలిక కలిసి, 1993లో ఆ సంగతి బయటపడింది. అక్కడ తిన్న మోతాదు, తిన్న కాలం వేరు. మన దగ్గర ఎవరు ఎంత తింటున్నారో కొలవకుండా మార్కర్ల దాకా పోవడం తొందర. కానీ రోగిని "ఏ పసరు తాగినావు, ఏ వేరు నూరినావు" అని అడిగే అలవాటు మా కేస్ షీట్లలో లేదు. అడగాలి. ప్రశ్నాపత్రంలో ఒక గడి పెట్టుకోండి, ఖర్చేమీ కాదు.

మైదుకూరు_మాగాణి · బుధవారం రాత్రి 8:00

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా నాయనకు స్కానింగ్‌లో కుడి కిడ్నీలో 3 సెంటీమీటర్ల గడ్డ అని రాసినారు. నొప్పి లేదు. మీరు చెప్పే ఈ కిమ్ పరీక్ష యాడన్నా చేయిస్తే క్యాన్సర్ అవునో కాదో తెలుస్తుందా?

కొండారెడ్డి_బురుజు · బుధవారం రాత్రి 8:35

తెలియదండీ. అది ఇంకా పరిశోధనలోనే ఉంది. ఎవరైనా డబ్బు తీసుకుని చేస్తామన్నా చేయించకండి. చేయవలసింది కాంట్రాస్ట్ ఇచ్చి తీసే సీటీ, అంతకుముందు క్రియాటినిన్. రిపోర్టుతో యూరాలజిస్టును ఈ వారంలోనే కలవండి. ఈ సైజు గడ్డకు చాలాసార్లు కిడ్నీ మొత్తం తీయక్కర్లేదు, గడ్డవరకే తీయొచ్చు. కొందరు పెద్దవయసు వాళ్ళకు స్కానులతో గమనిస్తూ ఆగొచ్చు కూడా. నొప్పి లేదని మాత్రం వదిలేయకండి. నాయనకు బీడీ అలవాటుంటే డాక్టరుకు చెప్పండి, దాచకండి.

మైదుకూరు_మాగాణి · బుధవారం రాత్రి 8:50

సరే సార్. శుక్రవారం కర్నూలుకు పిల్చుకొస్తాం.

చిత్రావతి_చలి (ధర్మవరం, ఇప్పుడు స్వీడన్) · గురువారం తెల్లవారుజామున 3:10

విదేశీ ప్రకటనల సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి. స్వీడన్, డెన్మార్క్, నెదర్లాండ్స్‌లో పీహెచ్‌డీ విద్యార్థి ఎక్కువగా జీతం తీసుకునే ఉద్యోగి. ఫీజు ఉండదు. జర్మనీలో కూడా చాలాచోట్ల ఉద్యోగ ఒప్పందమే, కానీ సగమో, అరవై అయిదు శాతమో జీతానికి. అక్కడ ప్రాజెక్టు ముందే రాసి ఉంటుంది. "నాకు బయోమార్కర్లంటే ఇష్టం" అని పంపే దరఖాస్తు చెత్తబుట్టకే పోతుంది. ప్రకటనలో రాసిన ప్రాజెక్టు చదివి, ఆ గ్రూపు చివరి రెండు పేపర్ల మీద నీకు వచ్చిన సందేహం రాయి. పైన డాక్టర్ గారు చెప్పిన కంట్రోళ్ళ మాట రాసినా చాలు, పిలుస్తారు.

యూరోపియన్ యూనియన్ మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్కులు వెతుకు. జీతం బాగుంటుంది, రెండు మూడు దేశాల్లో పనిచేయిస్తారు. గత మూడేళ్ళలో ఆ దేశంలో 12 నెలలకు మించి ఉండకూడదు, అదీ మెలిక. ప్రొద్దుటూరులో ఉన్నదానివి, నీకు అడ్డే లేదు. బ్రిటన్‌లో పని చాలా బాగుంది. యార్క్‌షైర్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ స్క్రీనింగుకు వచ్చినవాళ్ళకే పొట్ట సీటీ కూడా కలిపి తీసి కిడ్నీ గడ్డలు వెతికే ట్రయల్ నడిపారు. కానీ విదేశీ విద్యార్థులకు ఫీజు తేడా ఎవరు కడతారో ప్రకటనలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చదవకుండా మురిసిపోవద్దు.

చలి గురించి అడగవద్దు. కారం మాత్రం ఇంటి నుంచే తెచ్చుకో.

పాత_ఫైలు (అనంతపురం) · గురువారం ఉదయం 10:00

యూనివర్సిటీ పరిశోధన విభాగంలో పనిచేసి దిగిపోయినవాడిని. నిబంధనల సంగతి నేను చెబుతా.

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్ళు, గరిష్ఠం ఆరేళ్ళు, కోర్స్‌వర్క్ కలుపుకునే. ఆడపిల్లలకు మరో రెండేళ్ళ సడలింపు ఉంది. థీసిస్ ఇవ్వడానికి ముందు పేపర్ అచ్చు కావాలన్న షరతు ఆ నిబంధనల్లో ఎత్తేశారు, కానీ యూనివర్సిటీ తన షరతు పెట్టుకోవచ్చు, అడుగు. ప్రొఫెసర్‌కు ఎనిమిదిమంది, అసోసియేట్‌కు ఆరుగురు, అసిస్టెంట్‌కు నలుగురు, అంతకంటే స్కాలర్లు ఉండకూడదు. రిటైరవడానికి మూడేళ్ళ లోపు ఉన్నవాళ్ళు కొత్తవాళ్ళను తీసుకోకూడదు. ఇది మరీ ముఖ్యం. "మన సారే, చేరిపో" అని చేర్చుకుని, నడుమ రిటైరై, పిల్లలు గైడ్ మార్పు కాగితాలు పట్టుకుని తిరగడం నా కళ్ళారా చూశాను. వేరే సంస్థ నుంచి కో-గైడ్ పెట్టుకోవచ్చు. నీ పనికి ఆసుపత్రి యూరాలజిస్టు కో-గైడ్‌గా కాగితం మీద ఉండాల్సిందే. నోటిమాట సాయం ఆయన బదిలీ అయిన రోజుతో సరి.

జేఆర్‌ఎఫ్ ఉంది కాబట్టి మన రాష్ట్ర ఆర్‌సెట్ లాంటి ప్రవేశపరీక్ష నుంచి మినహాయింపు, ఇంటర్వ్యూ ఒక్కటే ఉండడం మామూలు. నోటిఫికేషన్ చదువుకో. ఫెలోషిప్ 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తర్వాత 42,000, ఇంటద్దె అదనం. నెలనెలా పడుతుందనుకోవద్దు. ఆర్నెల్లకు ఇంట్లో సర్దుబాటు చేసుకుని దిగు.

హబ్సిగూడ_హాస్టల్ · గురువారం రాత్రి 11:50

చెల్లీ, గైడ్‌ను ఏం చూసి ఎంచుకోవాలన్నావు. ఆయన పేపర్ల సంఖ్య చూడొద్దు. ల్యాబ్‌కు వెళ్ళి పిల్లలతో క్యాంటీన్‌లో కూర్చో. ఫ్రీజర్‌కు జనరేటర్ కనెక్షన్ ఉందా? ఏ శాంపిల్ ఎక్కడుందో రిజిస్టర్ ఉందా? కిట్ ఆర్డర్ పెడితే ఎన్నాళ్ళకు వస్తుంది? ఎలీసా (ప్రొటీన్ ఎంతుందో కొలిచే పరీక్ష) ప్లేట్‌లో 96 గుంటలు, స్టాండర్డులకు 16 పోతే, రెండేసి చొప్పున వేస్తే నీకు మిగిలేది 40 మంది. 200 మందికి అయిదు కిట్లు. ఆ డబ్బు ఏ ప్రాజెక్టు నుంచి వస్తుంది? ఈ నాలుగింటికీ సూటిగా జవాబు చెప్పే గైడ్ అనంతపురంలో ఉంటే హైదరాబాద్ రావాల్సిన పని లేదు. మెడికల్ కాలేజీలో ఎంఆర్‌యూ అని కేంద్ర ఆరోగ్య పరిశోధన శాఖ పెట్టించిన ల్యాబ్ ఉందేమో కూడా కనుక్కో. కొన్నిచోట్ల పరికరాలు బాగానే ఉంటాయి, వాడేవాళ్ళే కరువు.

శాంపిల్ సంగతి మన ఎండలకు ఇంకా కీలకం. మే నెలలో ఓపీ బల్ల మీద మూత్రం డబ్బా మూడు గంటలు ఉంటే నువ్వు కొలిచేది మార్కర్‌ను కాదు, ఎండను. తీసిన వెంటనే ఐస్, రెండు గంటల్లోపు సెంట్రిఫ్యూజ్, చిన్న చిన్న వయల్స్‌లో పోసి మైనస్ 80. ఒకే వయల్‌ను పదిసార్లు కరిగించి గడ్డకట్టించకుండా ఉండడానికే ఈ చిన్న వయల్స్. మూత్రం పలచగా ఉందో చిక్కగా ఉందో తేడా తీసేయడానికి ప్రతిదానికీ క్రియాటినిన్ కొలవాలి. ల్యాబ్ ఉద్యోగం చేస్తున్నావు, ఇది నీకు బాగా తెలిసే ఉంటుంది. నిజానికి ఎంతసేపు ఆగితే ఎంత పాడవుతుందో కొలవడమే మొదటి అధ్యాయం చేసుకోవచ్చు.

పెన్నా_ఒడ్డు · శుక్రవారం రాత్రి 9:25

అందరికీ చాలా చాలా థాంక్స్. ఒక పేజీ రాసుకున్నాను. కిమ్-1, ఆక్వాపొరిన్-1 రెండే మార్కర్లు. నాలుగు గుంపులు: ఆపరేషన్‌కు వచ్చిన కిడ్నీ గడ్డలు, షుగర్ కిడ్నీ రోగులు, రాళ్ళ రోగులు, డయాలసిస్ వాళ్ళు. డయాలసిస్ వాళ్ళలో చాలామందికి మూత్రమే రాదు కాబట్టి వాళ్ళకు రక్తంలో కిమ్-1 మాత్రమే. మొదటి అధ్యాయం శాంపిల్ నిల్వ మీద. పేరులో "ఎర్లీ డిటెక్షన్" తీసేసినాను. ఎస్కేయూలో ఒక మేడమ్‌ను సోమవారం కలుస్తున్నాను, ఆమెకు సర్వీసు ఇంకా చాలా ఉంది, @పాత_ఫైలు గారూ, ముందు అదే కనుక్కున్నాను! పక్కనే స్వీడన్ దరఖాస్తు కూడా వేస్తున్నాను, ఇంట్లో ఇంకా చెప్పలేదు.

ఒక్క చిన్న సందేహం. ఎథిక్స్ కమిటీకి కన్సెంట్ ఫారం ఇంగ్లీషులో ఇస్తే చాలునా?

కొండారెడ్డి_బురుజు · శుక్రవారం రాత్రి 10:10

చాలదు. రెండూ ఇవ్వాలి. తెలుగుది పుస్తకాల తెలుగులో వద్దు, "మూత్రపిండ కణితి జీవసూచికలు" అని రాస్తే మా రోగి సంతకం పెట్టడు, పెట్టినా అర్థమై పెట్టడు. "కిడ్నీలో గడ్డ" అని రాయండి. ఈ పరీక్ష వల్ల ఆయనకు ఇప్పుడు లాభమేమీ లేదని, వద్దన్నా వైద్యం మామూలుగానే జరుగుతుందని పెద్ద అక్షరాల్లో పెట్టండి. మిగిలిన శాంపిల్‌ను తర్వాత వేరే పరిశోధనకు వాడతారా లేదా అనేది విడిగా అడగాలి, ఒకే సంతకంలో కలపొద్దు. ఆదోని, ఆలూరు వైపు నుంచి కన్నడ మాట్లాడేవాళ్ళు వస్తారు, కర్నూలు పాతబస్తీ నుంచి ఉర్దూ వాళ్ళు వస్తారు, ఆ ప్రతులు కూడా ఇప్పుడే చేయించండి. వేలిముద్ర వేసేవాళ్ళ పక్కన సాక్షి సంతకం ఉండాలి, ఆ సాక్షి మీ బృందంలో మనిషి కాకూడదు. కమిటీ మొదట చూసేది అదే.